లోపల, అందర్, చంచల్‌గూడ: పాతబస్తీ నోట జైలు మాటలు

పాతబస్తీలో ఒక మనిషి జైలుకు పోయాడని చెప్పడానికి జైలు అనే మాటే అక్కర్లేదు. 'చంచల్‌గూడ పోయిండు' అంటే చాలు. ఆ పేరుతో పెద్ద బస్తీ ఉంది. ఇళ్లూ దుకాణాలూ మసీదులూ బడులూ అన్నీ ఉన్నాయి. అయినా 'మావాడు చంచల్‌గూడలో ఉంటున్నాడు' అని ఎవరైనా అంటే, వినేవాళ్లకు ముందు తట్టేది బస్తీ కాదు. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న రోజుల్లో, 1876లో వెలసిన కేంద్ర కారాగారం ఊరి పేరును తనదిగా చేసుకుంది. నగరం అవతలి కొసన ఎర్రగడ్డకూ ఇదే గతి పట్టింది. మానసిక చికిత్సాలయం వచ్చాక ఆ ఊరి పేరు మనుషులను ఎగతాళి చేయడానికి పనికొచ్చే మాటైంది. లండన్‌లో క్లింక్ అనే పాత జైలు పేరు ఇంగ్లీషు వాడుకలో అన్ని జైళ్లకూ మారుపేరైంది. అక్కడి బెత్లెహెం ఆసుపత్రి పేరు జనం నోట నలిగి 'బెడ్లం' అయి, గందరగోళానికి పేరుగా మిగిలింది.

జైలు మాటలను ఒకచోట పెట్టి చూస్తే ముందుగా తెలిసేది జైలు గురించి కాదు, ఆ మాట అంటున్న మనిషి గురించి. అతను గోడకు ఏ పక్కన ఉన్నాడు, చేతిలో ములాఖాత్ చీటీ ఉందా, లాఠీ ఉందా, కలం ఉందా అన్నది మాటే చెప్పేస్తుంది. ఈ సమీక్షకు పాతబస్తీని తీసుకోవడానికి కారణం, తెలుగూ దక్కనీ ఉర్దూ ఇక్కడ నాలుగు శతాబ్దాలుగా ఒకే గల్లీలో ఉంటున్నాయి. ఒకే కష్టానికి రెండు భాషలూ మాటలు వెతుక్కున్నాయి.

ఇంట్లోవాళ్ల మాట అన్నిటికన్నా పొట్టిది. తెలుగులో 'లోపలున్నడు', ఉర్దూలో 'అందర్ హై'. పట్టుకుపోతే 'లోపలేసిండ్రు', 'అందర్ డాల్ దియే'. వదిలితే 'ఇడిసిపెట్టిండ్రు', 'ఛోడ్ దియే'. ఈ క్రియల్లో కర్త కనబడడు. ఎవరు వేశారు, ఎవరు వదిలారు? పోలీసులా, మేజిస్ట్రేటా, సర్కారా? 'ఇండ్రు' అనే తోకలో అందరూ కలిసిపోయారు. కోర్టుకూ ఠాణాకూ తేడా చెప్పేవాళ్లు లేని ఇంటికి ఆ తేడా మాటలోనూ ఉండదు. ఏం చేశాడని లోపలేశారన్నది కూడా ఈ మాట చెప్పదు. చెప్పకపోవడంలోనే ఆ ఇంటి పరువు నిలబడుతుంది.

ఠాణాలో మాట మారుతుంది. 'బొక్కల ఏస్త' అన్నది బెదిరింపు. తెలంగాణ తెలుగులో బొక్క అంటే కన్నం, ఎముక కూడా. వినేవాడికి రెండు అర్థాలూ ఒకేసారి తగులుతాయి. బయట నిలబడి చూసేవాడి మాటలు వేరు: ఊచలు లెక్కపెట్టడం, చిప్పకూడు తినడం, కటకటాల వెనక్కి పోవడం, జైలుపాలు కావడం. తెలుగులో 'పాలు' అన్న చేర్పు ఎప్పుడూ నష్టాన్నే చెబుతుంది: అప్పులపాలు, నవ్వులపాలు, మంటలపాలు. జైలూ ఆ వరసలోనే చేరింది. ఉర్దూలో చక్కీ పీస్నా, అంటే తిరగలి విసరడం. సర్కారీ మెహమాన్, అంటే ప్రభుత్వ అతిథి. ససురాల్, తెలుగులో అత్తారిల్లు. జైలుకు పోయి వచ్చినవాడు తన గురించి తానే 'ససురాల్ జాకే ఆయా' అని నవ్వితే అది గుండె నిబ్బరం కోసం. అదే మాట పత్రిక శీర్షికలో ఎక్కితే అవతలి మనిషిని తొక్కడం అవుతుంది. మాట ఒకటే, హక్కు వేరు.

వీటి కింద పాత పొరలున్నాయి. 'చెర' మన సొంత మాట. తమిళంలో సిఱై, కన్నడంలో సెఱె దాని తోబుట్టువులు. దానికి సంస్కృతపు శాల చేరి చెరసాల అయింది. కారాగారం పూర్తిగా సంస్కృతం. తీర్పుల్లోనూ బోర్డుల మీదా తప్ప ఇంట్లో ఎవరూ అనరు. ఖైదు అరబ్బీ నుంచి వచ్చింది, దాని మొదటి అర్థం సంకెల. మనిషిని కట్టేసే ఇనుము పేరే కట్టేసే చోటికి, ఆ తర్వాత శిక్షకు పేరైంది. బందీఖానా, జిందాన్ పారశీకం నుంచి వచ్చాయి. ఈ రెంటిలో జిందాన్ వీధిలోకి రాలేదు. కవుల దగ్గర, ముహర్రంలో సంతాపం తెలిపే మాతం సభల దగ్గర ఉండిపోయింది.

బందీఖానా అనగానే తెలుగువాడికి గోల్కొండ గుర్తొస్తుంది. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడన్న నేరానికి తానీషా కొలువులో పన్నెండేళ్లు బందీగా ఉన్నాడన్నది సంప్రదాయం. కోటలో రామదాసు చెర అని చూపే గదిలో గోడ మీద చెక్కిన దేవతామూర్తులను చూడటానికి జనం నేటికీ వరసలో నిలబడతారు. ఆ కథలో రెండో సగం మాత్రం మనవాళ్లు తక్కువగా చెప్పుకుంటారు. రామదాసును బంధించిన అబుల్ హసన్ తానీషా 1687లో గోల్కొండ పడిపోయాక ఔరంగజేబు చేతికి చిక్కాడు. దౌలతాబాదు కోటలోని చీనీ మహల్లో ఉంచితే, 1699లో అక్కడే చనిపోయాడు. రామదాసు విడుదలై భద్రాద్రి చేరాడు. తానీషాకు విడుదలే లేదు.

పాతబస్తీలో జైలు మాటకు పవిత్రమైన నీడ ఒకటి ఉంది. ఈ వ్యాసంలో నేను ఎక్కువసేపు ఆగదలుచుకున్నది ఇక్కడే. తెలుగు పత్రికలు ఎవరైనా అరెస్టయితే 'శ్రీకృష్ణ జన్మస్థానానికి' అని రాస్తాయి. ఇప్పుడది వెటకారం. మూలంలో మాత్రం దేవకీ వసుదేవుల చెర, కంసుడి దౌర్జన్యం, చీకటి గదిలో పుట్టిన దేవుడు ఉన్నారు. జాతీయోద్యమంలో చట్టాన్ని ధిక్కరించి జైలుకు పోయినవాళ్ల విషయంలో ఆ మాటకు గౌరవం ఉండేది: నిర్దోషి ఉండే చోటే జైలు, నేరస్థుడు సింహాసనం మీద ఉన్నాడు అని అర్థం. సరిగ్గా ఇదే భావం పాతబస్తీలోని దారుల్‌షిఫా చుట్టుపక్కల ముహర్రం రోజుల్లో వినబడుతుంది. కర్బలా యుద్ధం తర్వాత ప్రవక్త కుటుంబంలో మిగిలిన ఆడవాళ్లనూ పిల్లలనూ బందీలుగా డమాస్కస్‌కు నడిపించుకుపోయారు. ఆ చెరకే 'జిందాన్-ఎ-షామ్' అని పేరు. ప్రవక్త మనవడు హుసేన్ చిన్న కూతురు సకీనా ఆ జైల్లోనే కన్నుమూసిందని షియాల విశ్వాసం. నౌహాలు, అంటే శోకగీతాలు చదివేటప్పుడు ఖైద్‌ఖానా అన్న మాట రాగానే ఆడవాళ్ల వైపు నుంచి ఏడుపు వినబడుతుంది. దారుల్‌షిఫాలోనే సర్తౌఖ్ ముబారక్ అలావా ఉంది. జబ్బుతో ఉన్న హుసేన్ కొడుకు ఇమాం జైనుల్ ఆబిదీన్ మెడకు వేసిన ఇనుప కంటె ముక్క అక్కడి అలంలో, అంటే పవిత్ర ధ్వజంలో ఉందని భక్తుల నమ్మకం. తౌఖ్ అంటే ఖైదీ మెడకంటె. హైదరాబాదు నడిబొడ్డున ఒక ఖైదీ మెడలోని ఇనుమును కళ్లకద్దుకుంటున్నారన్నమాట.

ఈ రెండు సంప్రదాయాలూ పక్కపక్కనే ఉన్న ఊళ్లో జైలుకు పోయిన మనిషిని చూసే చూపు మరోలా ఉండాల్సింది. కృష్ణుణ్నీ సకీనానూ తలుచుకునే నోళ్లు పక్కింటి కుర్రవాణ్ని జైలు నుంచి వచ్చాడని పెళ్లి సంబంధంలో పక్కన పెడతాయి. 1988లో వచ్చిన చిరంజీవి సినిమా 'ఖైదీ నంబర్ 786' పేరులోని అంకెను ఇక్కడి ముస్లిములు బిస్మిల్లాకు గుర్తుగా రాసుకుంటారు. ఖైదీ పక్కన ఆ అంకె పెట్టిన వాణిజ్య సినిమాకు కూడా ఈ ఊరి మనసులోని ఆ పొర అందింది. దానికి ఐదేళ్ల ముందు, 1983లో 'ఖైదీ' వచ్చినప్పుడు ఆ మాట గోడలనిండా హీరో పేరుగా వెలిగింది. తెరమీది ఖైదీకి ఈలలు, వీధిలో ఖైదీకి ముఖం చాటు.

ఇక ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చిన మాటల సంగతి. నిజాం రాజ్యంలో 1880లలో పారశీకం పోయి ఉర్దూ కచేరీ భాష అయింది. 1948 దాకా తెలంగాణ రైతు కోర్టునూ జైలునూ ఆ భాషలోనే ఎదుర్కొన్నాడు. అలా దిగిన మాటలు తెలుగులో అర్థం మార్చుకున్నాయి. ఉర్దూలో ములాఖాత్ అంటే మామూలు కలయిక. స్నేహితులు కలిసినా, పెళ్లివారు కలిసినా ములాఖాతే. తెలుగు పత్రికలో అది ఒక్కచోటే ఉంది: జైలు జాలీకి ఇవతల తల్లి, అవతల కొడుకు. ఉర్దూలో బేడీ కాళ్లకు, హత్కడీ చేతులకు. తెలుగులో బేడీలు చేతులకే వేస్తాం. వాదా అంటే మాట ఇవ్వడం. అదే తెలుగు కోర్టులో వాయిదా అయింది. మాట ఇవ్వడం కాస్తా మరో తారీఖుకు తోసేయడంగా మారిందంటే, ఆ మార్పు వెనక ఎంతమంది రైతులు కచేరీ మెట్ల మీద కూర్చున్నారో ఊహించవచ్చు.

అన్నిటికన్నా చిక్కు ముద్దాయి అన్న మాటతో. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, ఫిర్యాదీ. తెలుగులో ముద్దాయి అంటే నిందితుడు. పూర్తిగా తలకిందులు. పాతబస్తీలో ఒక ఉర్దూ తల్లికి తెలుగు గుమాస్తా 'నీ కొడుకు ముద్దాయి' అని చెబితే, తన కొడుకే కేసు పెట్టినవాడని ఆమెకు వినబడవచ్చు. ఇది భాషావేత్తల సరదా కాదు. ముందస్తు నిర్బంధంలో ఉన్నవాడికి కారణాలను అతనికి తెలిసిన భాషలోనే చెప్పాలని, లేకపోతే ఆ నిర్బంధం చెల్లదని హరికిషన్ కేసులో సుప్రీంకోర్టు 1962లోనే తేల్చింది. తెలంగాణ 2017లో రాష్ట్రమంతటికీ ఉర్దూను రెండో అధికార భాష చేసింది. అలాంటప్పుడు ఠాణా నుంచి జైలు దాకా ఇచ్చే ప్రతి కాగితం ఉర్దూలోనూ ఉండటం దయ కాదు, హక్కు.

రాజకీయ ఖైదీల మాటలు మరో కోవ. 1857 జూలై 17న కోఠీలోని రెసిడెన్సీ మీద దాడి చేసిన తుర్రేబాజ్ ఖాన్‌కు ద్వీపాంతరవాస శిక్ష పడింది. అతను 1859 జనవరిలో జైలు తప్పించుకుని, కొద్ది రోజులకే తూప్రాన్ దగ్గర తుపాకీ గుళ్లకు బలయ్యాడు. సహచరుడు మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్ పంపితే అక్కడే చనిపోయాడు. కాలాపానీ అన్న మాట ఈ ఊరికి అలా సొంత అనుభవంగా వచ్చింది. 'నువ్వేమన్నా తురుంఖాన్‌వా' అన్న ఎత్తిపొడుపు ఆ తుర్రేబాజ్ నుంచే పుట్టిందని హైదరాబాదులో చెప్పుకుంటారు. ఎదురు తిరిగినవాడి పేరు ఎత్తిపొడుపైనా, నూటయాభై ఏళ్లకు పైగా జనం నోట బతికి ఉండటం చిన్న విషయం కాదు.

నిజాం చివరి రోజుల్లో, ఆ తర్వాతి పోలీసు చర్య కాలంలో కమ్యూనిస్టుల వెంట డిటెన్యూ, అంటే విచారణ లేని నిర్బంధంలో ఉన్నవాడు అన్న మాట వచ్చింది. కవి దాశరథి నిజామాబాదు జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. ఆయనతో పాటే అక్కడున్న వట్టికోట ఆళ్వారుస్వామి తర్వాత తన కథల సంపుటికి 'జైలు లోపల' అని పేరు పెట్టాడు. ఇంట్లోవాళ్లు అనే ఆ 'లోపల' పుస్తకం అట్ట మీదికెక్కింది. ఆ కథల్లో మామూలు ఖైదీలున్నారు. రాజకీయ ఖైదీ తన గురించి రాసుకోవడం మాని పక్క బ్యారక్ వైపు చూడటం అప్పటికి అరుదు. ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ 'ఖైద్' పేరుతోనే కవిత రాశాడు. అత్యవసర పరిస్థితిలో ఒక చట్టం పేరే మనుషుల పేరైంది: మీసా ఖైదీలు. ఆ రోజుల్లోనే, 1975 డిసెంబరు 1న, ముషీరాబాద్ జైల్లో నక్సలైటు ఉద్యమకారులు భూమయ్యనూ కిష్టాగౌడ్‌నూ ఉరితీశారు. 1980ల్లో విప్లవకవి వరవరరావు సికింద్రాబాదు, ముషీరాబాదు జైళ్లలో ఉండి రాసిన లేఖలు 'సహచరులు' అయ్యాయి. ముషీరాబాద్ జైలు ఇప్పుడు లేదు. దాన్ని తీసేసిన చోటే గాంధీ ఆసుపత్రి ఉంది. వరంగల్ కేంద్ర కారాగారాన్నీ 2021లో కూల్చి ఆసుపత్రికే ఇచ్చారు. ఆసుపత్రులు కావాలి, కాదనలేం. కానీ ఆ గోడల మీద ఎవరు ఏం రాసుకున్నారో నకలు తీసుకోకుండా కూల్చడం నష్టమే.

చట్టం కళ్లకు కనబడని నిర్బంధానికి పాతబస్తీ పెట్టుకున్న మాట 'ఉఠా లియే'. తెలుగులో 'ఎత్తుకపోయిండ్రు'. ఇది అరెస్టు కాదు, ఉర్దూలో దాన్నే చెప్పే గిరఫ్తారీ కాదు, అదుపులో ఉంచడమనే హిరాసత్ కాదు. ఆ మూడింటికీ కాగితం ఉంటుంది, రాజ్యాంగం 22వ అధికరణం చెప్పిన 24 గంటల లెక్క ఉంటుంది. ఉఠా లియే అన్నదానికి అవేవీ ఉండవు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక పాతబస్తీ కుర్రవాళ్లను పదుల సంఖ్యలో ఇలా తీసుకుపోయారు. ఠాణా కాని చోట్ల ఉంచి కొట్టారన్న ఆరోపణలను రాష్ట్ర మైనారిటీల కమిషన్ విచారణ చేయించింది. ఎవరి మీద కేసులు పెట్టారో వాళ్లు కోర్టుల్లో నిర్దోషులుగా తేలారు. ప్రభుత్వం తర్వాత పరిహారాలూ నడవడిక ధ్రువపత్రాలూ ఇచ్చింది. 'మీవాడి నడవడి మంచిదే' అని సర్కారు కాగితం రాసివ్వాల్సి వచ్చిందంటే, మధ్యలో ఆ కుర్రవాణ్ని ఏయే మాటలతో పిలిచారో అర్థమవుతుంది. 'పూఛ్‌తాఛ్ కోసం', అంటే విచారణ కోసం 'పిలిచాం' అన్నది పోలీసు మాట; 'ఉఠా లియే' అన్నది తల్లి మాట. ఆ రోజుల్లో నిజానికి దగ్గరగా ఉన్నది రెండోదే.

పీడీ సంగతీ ఇంతే. 1986 నాటి ముందస్తు నిర్బంధ చట్టం పేరు ఒక పేరా పొడుగుంటుంది. వీధిలో రెండక్షరాలు చాలు: 'పీడీ పెట్టిండ్రు', 'పీడీ లగాయే'. బెయిలు దొరికినవాణ్ని మళ్లీ లోపలే ఏడాది దాకా ఉంచగల చట్టమని దాని అసలు అర్థం చిన్న పిల్లలకూ తెలుసు. తెలంగాణలో ఈ చట్టాన్ని అలవాటుగా వాడుతున్న తీరును 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది. వీధి ఎప్పుడో పసిగట్టినదాన్ని కోర్టు ఆలస్యంగా రాసింది. నిర్బంధాన్ని మెత్తగా చెప్పే మాటలు తెలుగులో ఇంకా ఉన్నాయి. ముందస్తు అరెస్టు, గృహనిర్బంధం, అదుపులోకి తీసుకోవడం: వార్తల్లో రోజూ వచ్చేవే. ఉర్దూ నజర్‌బంద్ వీటికన్నా నిజాయితీ గల మాట. బంద్ అని దాచకుండా చెబుతుంది.

గల్ఫ్ దారి పట్టిన పాతబస్తీ, కరీంనగర్, సిరిసిల్ల కుటుంబాలు తెచ్చిన మాటలు కొత్త పొర. పాస్‌పోర్టు కఫీల్, అంటే పనికి పూచీపడ్డ యజమాని చేతిలో ఉంటే గోడలు లేకుండానే బందీ. కఫీల్ 'హురూబ్' పెడితే, అంటే పారిపోయాడని రాసిస్తే, బయట తిరగడమే నేరం. పట్టుబడితే తర్హీల్, అంటే వెనక్కి పంపే ముందు ఉంచే కేంద్రం. అనుమతి లేకుండా మిగిలిపోయినవాణ్ని మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. దుబాయి జైల్లో పద్దెనిమిదేళ్లు ఉండి సిరిసిల్ల జిల్లావాళ్లు 2024 ఫిబ్రవరిలో ఇల్లు చేరినప్పుడు ఆ మాటలు మళ్లీ పత్రికల్లోకి వచ్చాయి. నిఘంటువుల్లోకి మాత్రం ఇంకా రాలేదు.

సర్కారు కూడా మాటలు మారుస్తోంది. జైళ్ల శాఖకు దిద్దుబాటు సేవలు అన్న పేరు చేరుతోంది; 2023లో కేంద్రం పంపిన నమూనా చట్టం పేరులోనే ఆ మాట ఉంది. పేరు మారితే తప్పు లేదు, పని మారాలి. జైలు రిజిస్టర్లలో కులం గడిని తీసేయాలని, కులాన్ని బట్టి పనులు పంచే నియమాలు చెల్లవని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పాల్సి వచ్చింది. బేడీల మీద 1980లోనే ఆంక్షలు పెట్టినా, 2017లో ఖమ్మం మిర్చి రైతులను చేతులకు బేడీలతోనే కోర్టుకు నడిపించారు.

ఈ మాటల గుంపులో అతి పెద్ద తప్పు ఖైదీ అన్న మాటను వాడే తీరులో ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్క ప్రకారం దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లు 5,73,220 మంది. వాళ్లలో 4,34,302 మంది విచారణలో ఉన్నవాళ్లు, అంటే నూటికి 75.8. వీళ్లు దోషులని ఏ కోర్టూ చెప్పలేదు. వీళ్లందరినీ కలిపి ఖైదీలనడం, అరెస్టయిన రోజే ఊచలు లెక్కపెడుతున్నాడని రాయడం తీర్పు రాకముందే తీర్పు ఇవ్వడం. నిందితుడు, రిమాండులో ఉన్నవాడు, దోషి: ఈ మూడు మాటలూ తెలుగులో ఉన్నాయి, చదివేవాళ్లకు అర్థమవుతాయి. వాటిని సరిగ్గా వాడటానికి పత్రికకు ఖర్చేమీ లేదు.

వ్యవసాయ పదాలకు భద్రిరాజు కృష్ణమూర్తి 1962లోనే మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు, తర్వాత చేనేతకూ వచ్చింది. జైలు మాటలకు అలాంటిది కావాలి. ఈ దేశంలో చెరలో ఉన్నవాళ్ల మాటలను పోగేసింది ఎక్కువగా పోలీసులే; దారిదోపిడీ ముఠాలైన థగ్గుల రహస్య భాష మీద బ్రిటిష్ అధికారి స్లీమన్ 1836లో కలకత్తాలో వేసిన పుస్తకం వాళ్లను పట్టుకోవడానికే. ఈసారి ఆ పని గోడ అవతలివాళ్ల కోసం, ములాఖాత్ వరసలో నిలబడే తల్లుల నోట విని జరగాలి. సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయమూ, గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయమూ ఒకే ఊళ్లో ఉన్నాయి. రెండూ కలిసి చేస్తే తెలుగూ దక్కనీ ఒకే పుటలో వస్తాయి. ఆ పుస్తకం వచ్చేలోపు పత్రికల డెస్కులను కోరేది ఒక్కటే: శిక్ష పడనివాణ్ని రేపటి సంచికలో ఖైదీ అని రాయకండి.